స్తంభం ఆమె మీదే ఎందుకు పడింది?

1956 లో యూనివర్సల్ వాళ్ళు తీసిన 'ద మోల్ పీపుల్' గొప్ప సినిమా అని నేననను. 77 నిమిషాల నలుపు తెలుపు బొమ్మ. మొదట్లోనే ఫ్రాంక్ బాక్స్‌టర్ అనే ప్రొఫెసర్ వచ్చి భూమి లోపల ఏముందో పాఠం చెప్తాడు. ఈయన ఇంగ్లీషు మాస్టారు, సైన్సు కాదు! అయినా భూమి బోలుగా ఉందన్నవాళ్ళలో ఆషామాషీ మనుషులే లేరు లెండి. దిక్సూచి ముల్లు లెక్కలు కుదరక 1692 లో ఆ మాటన్నది తోకచుక్క హేలీ.

ఇక కథ. పురావస్తు శాస్త్రజ్ఞులు ఆసియాలో ఓ కొండెక్కి, బొక్కలో పడి, కిందున్న సుమేరియన్ల నగరానికి చేరతారు. తరాల తరబడి చీకట్లో బతికి పాలిపోయిన జనం. వెలుగు చూడలేరు. మనవాళ్ళ టార్చిలైటు చూసి ఇష్తార్ దేవత అగ్ని అనుకుంటారు. వీళ్ళ తిండి కోసం చాకిరీ చేసేది గూని వీపుల, పెద్ద గోళ్ళ మోల్ మనుషులు. కొరడా దెబ్బలు వాళ్ళకే. పోస్టర్ మీద భయంకరంగా కనిపించేదీ వాళ్ళే. తీరా సినిమా చూస్తే జాలి పడేది కూడా వాళ్ళ మీదే. చివర్లో తిరగబడి యజమానుల్ని చంపుతారు, చూసేవాడు చప్పట్లు కొడతాడు.

ఆ ఏడాదంతా అలబామాలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్ళు సిటీ బస్సులెక్కకుండా నడిచారు. 1955 డిసెంబరులో మొదలైన బహిష్కరణ 1956 డిసెంబరులో గెలిచి ముగిసింది. సినిమా వచ్చింది కూడా ఆ నెలలోనే. కావాలని కలిపారని కాదు. కానీ గాలిలో ఉన్నది కథలోకి రాకుండా ఉంటుందా?

నన్ను పట్టుకున్నది మాత్రం క్లైమాక్సు. హీరో జాన్ ఏగర్ అక్కడి అదాద్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ పాలిపోయిన జనంలో మామూలు రంగుతో పుట్టడమే ఆమె తప్పు, అందుకే బానిస. వేసింది సింథియా ప్యాట్రిక్, తెల్లగా, బంగారు జుట్టుతో. ఇద్దరూ పైకొచ్చి వెలుగు చూస్తారు. భూకంపం వస్తుంది, ఆమె ఎందుకో వెనక్కి పరిగెడుతుంది, మీద రాతి స్తంభం పడి చచ్చిపోతుంది. ఇదేంటి అనిపిస్తుంది కదా? మొదట తీసిన ముగింపులో ఆమె బతికే ఉంది. తెల్లవాడికీ సుమేరియన్ పిల్లకీ పెళ్ళంటే వర్ణాంతర వివాహాన్ని ప్రోత్సహించినట్టవుతుందని స్టూడియో భయపడి మళ్ళీ తీయించిందని దర్శకుడు వర్జిల్ వోగెల్ తరవాత చెప్పాడు.

సుమేరియన్లు మాయమై నాలుగు వేల ఏళ్ళు. వాళ్ళ తరఫున కేసు వేసేవాడు లేడు, వాళ్ళతో పెళ్ళయ్యే ప్రమాదం ఎవరికీ లేదు. అయినా భయమే! బానిసల తిరుగుబాటు ఫరవాలేదు, పెళ్ళి మాత్రం కుదరదు. తమాషా ఏంటంటే, హాలీవుడ్ సెన్సారు నియమావళి నుంచి తెలుపు-నలుపు సంబంధాల మీద నిషేధం తీసేసింది కూడా 1956 డిసెంబరులోనే. చట్టానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది. 1967 లో లవింగ్ దంపతుల కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి పెళ్ళిళ్ళ మీద నిషేధాలు చెల్లవంది. అప్పటికి పదహారు రాష్ట్రాల్లో అవి ఇంకా అమల్లోనే ఉన్నాయి.