పంట బీమా లెక్క ఎట్ల పుట్టింది? అందులో పోడు ఎక్కడ?

పోచంపాడ్ నుంచి రాస్తున్న. పోస్టు జర పొడుగుంటది, ఓపికతో చదవండి.

ప్రీమియం ఎంత అని అడుగుతం గానీ ఆ లెక్క ఎట్ల తీస్తరో అడగం. దానికి పునాది పాత ఏండ్ల నష్టమే. పదేండ్లల్ల ఒక ఏడు పంట మొత్తం పోయే చోట, 100 రూపాయల బీమాకు ఏటా 10 రూపాయలు జమ కావాలె. కానీ ఊర్ల ఒక ఇల్లు కాలితే మిగతా ఇండ్లు ఆదుకుంటయి, కరువు మాత్రం అందరి మీద ఒక్కసారే పడుతది. ఆ చెడ్డ ఏడు మొదట్లనే వస్తే పెట్టె ఖాళీ. అందుకే సగటు మీద విపత్తు కోసం ఇంకొంత కలుపుతరు.

మన దేశంల ఈ ఆలోచన పాతదే. మైసూరుల జె.ఎస్. చక్రవర్తి 1920లోనే వానను బట్టి, ప్రాంతాన్ని బట్టి బీమా పెట్టాలని పుస్తకం రాసిండు. అమలు మాత్రం 1972లో, గుజరాత్‌ల హెచ్-4 పత్తితోని మొదలైంది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలకు వచ్చింది. ఏ రైతు నష్టం ఆ రైతుకే చూసిండ్రు. 1978-79 దాకా చేరింది 3,110 మంది. వచ్చిన ప్రీమియం 4.54 లక్షలు, ఇచ్చిన పరిహారం 37.88 లక్షలు. రూపాయి తీసుకొని ఎనిమిది రూపాయలు ఇచ్చినట్టు!

అప్పుడు వి.ఎం. దండేకర్ చెప్పిన ప్రాంత పద్ధతి ముందుకొచ్చింది. 1979ల ప్రయోగం చేసి, 1985ల సమగ్ర పంట బీమా తెచ్చిండ్రు. కొన్ని చేన్లల్ల పంట కోసి తూకం వేస్తరు. ప్రాంతం సగటు తగ్గితేనే పైసలు. వరికి 2 శాతం, పప్పులకు, నూనెగింజలకు 1 శాతం. అసలు ముప్పు ఎంతనో చూడకుండా దేశమంతా ఒకటే రేటు. ఆ పథకం ముగిసేనాటికి ప్రీమియం 403 కోట్లు, పరిహారం 2,303 కోట్లు. తేడా సర్కారు భరించింది.

నాకు అసలు కోపం ఇక్కడనే. ఆ బీమా బ్యాంకు పంట రుణానికి ముడిపడ్డది. పోడుకు పట్టా లేదు, పట్టా లేకుంటే రుణం లేదు, రుణం లేకుంటే బీమా లేదు. 2006 అటవీ హక్కుల చట్టంతోని కొందరికి పట్టాలు వచ్చినయి గానీ, పాత దిగుబడి రికార్డు ఎక్కడికెళ్లి వస్తది? శ్రీరాంసాగర్ కాలువ కింది చేను, గుట్ట మీది చేను ఒకే యూనిట్ల పడితే, గుట్ట చేను ఎండినా సగటు పచ్చగనే కనబడుతది.

2016 ఫసల్ బీమాల రేటు కంపెనీలు లెక్కగడితే, రైతు వానాకాలం 2, యాసంగి 1.5, పసుపు వంటి ఏడాది వాణిజ్య పంటలకు 5 శాతం లోపే కట్టాలె. మిగతాది కేంద్రం, రాష్ట్రం కడతయి. తెలంగాణ 2020ల దాన్నుంచి బయటికొచ్చింది.

మీ తండాల, గూడెంల 1985 తర్వాత ఎవరికన్నా పంట బీమా పైసలు వచ్చినయా? పెద్దోళ్లను అడిగి, ఏ ఏడు, ఏ పంటనో ఇక్కడ రాయండి.