బొమ్మ కోసం భోజనం

మా బేస్‌మెంటులో మెట్ల కింద పదకొండు అట్టపెట్టెలున్నాయి. ప్రతి పెట్టె మీదా మా ఆవిడ చేతిరాతలో "చెత్త" అని ఉంటుంది. దాని కింద నా చేతిరాతలో సంవత్సరాలుంటాయి. ఇంటికొచ్చిన బంధువులు "ఏమిటండీ ఇవన్నీ?" అని అడిగితే మేమిద్దరం చెరో జవాబూ చెబుతాం. ఆవిడ జవాబు పెట్టెల మీద ఎలాగూ ఉంది. నాది ఇక్కడ రాస్తున్నాను.

అవి హేంబర్గర్ దుకాణాల వాళ్ళు పిల్లల భోజనంతోపాటు ఇచ్చిన బొమ్మలు. అన్ని బొమ్మలూ కావు, వీడియో గేములకి సంబంధించినవి మాత్రమే. ముప్ఫయ్యేళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి, రెండు ఇళ్ళు మారి, ఎన్నో పుస్తకాలు పారేసినవాణ్ణి ఇవి మాత్రం ఎందుకు దాచుకున్నానంటే, మొదట్లో నా దగ్గర కూడా సరైన కారణం లేదు. తర్వాత వాటి చరిత్ర చదువుతూ పోతే కారణాలు వాటంతటవే దొరికాయి.

మా తెనాలి మార్కెట్లో కూరలు కొంటే చివర్న గుప్పెడు కొత్తిమీరో రెండు రెబ్బల కరివేపాకో కొసరు వేసేవారు. ఆ కొసరు కోసం మా అమ్మ ఒక కొట్టు వదిలి ఇంకో కొట్టుకి మారిన రోజులున్నాయి. అమెరికా వాడు చేసిందల్లా ఆ కొసరుని పిల్లల చేతికివ్వడం. 1970ల నడుమ గ్వాటెమాలాలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు నడిపిన యొలాండా ఫెర్నాండెజ్ దె కొఫీన్యో అనే ఆవిడ, పెద్దవాళ్ళకి కట్టిన పొట్లం పసిపిల్లలు తినలేకపోతున్నారని గమనించి, చిన్న హేంబర్గరూ కాసిని వేపుళ్ళూ కలిపి పిల్లల కోసం వేరే భోజనం తయారుచేసింది. అదే రోజుల్లో కేన్సస్ సిటీలో బాబ్ బెర్న్‌స్టీన్ అనే ప్రకటనల కంపెనీ ఆయన, పొద్దున్నే తన కొడుకు సీరియల్ డబ్బా మీది బొమ్మలూ రాతలూ కళ్ళప్పగించి చూడటం గమనించాడు. అలాంటి పెట్టెలోనే భోజనం పెట్టి ఇస్తే అనుకున్నాడు. 1979లో హేపీ మీల్ దేశమంతటా వచ్చింది. మొదటిది సర్కస్ బండి ఆకారంలో ఉండేది. లోపల రబ్బర్లూ, చేతికి కట్టుకునే చిన్న పర్సులూ ఉండేవి. ఆ ఏడాది డిసెంబరులోనే స్టార్ ట్రెక్ సినిమాతో జతకట్టింది. అక్కణ్ణించి కొసరు కొసరుగా మిగల్లేదు. అసలు కన్నా వడ్డీ ముద్దు అయిపోయింది.

వీడియో గేములు ఈ పెట్టెలోకి దూరడానికి ఇంకా కొంచెం టైము పట్టింది. పాక్-మాన్ పిచ్చి రేగిన రోజుల్లో ఆర్బీస్ దుకాణాల్లో దాని బొమ్మ వేసిన గాజుగ్లాసులు అమ్మారు. నా దగ్గరున్న దాని అడుగున 1980 అని ఉంది. ఆ తర్వాత 1983లో ఈ దేశంలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని ఆటల్ని అటారీ కంపెనీ న్యూ మెక్సికో ఎడారిలో లారీలతో తెచ్చి పూడ్చిపెట్టింది. 2014లో వాటిని మళ్ళీ తవ్వి తీశారు. మా ఆవిడకి ఆ వార్త చూపిస్తే, "వాళ్ళకి కనీసం పూడ్చాలన్న జ్ఞానం ఉంది" అంది.

నింటెండో వచ్చి ఆ వ్యాపారాన్ని మళ్ళీ నిలబెట్టింది. 1990 ఫిబ్రవరిలో సూపర్ మారియో బ్రదర్స్ 3 ఇక్కడ విడుదలయింది. అదే ఏడాది హేపీ మీల్‌లో నాలుగు బొమ్మలు వచ్చాయి: మారియో, మబ్బు మీద లుయీజీ, పుట్టగొడుగులా ఉండే గూంబా, రెక్కల తాబేలు. అప్పటికి నేను ఈ దేశం రాలేదు. 1992లో వచ్చాను. ఆ నాలుగూ నాకు ఒక గరాజ్ సేల్‌లో పావలాకి దొరికాయి. పావలా అంటే పాతిక సెంట్లు, ఒక్కొక్కటి కాదు, నాలుగూ కలిపి. మా వాడికి అప్పుడు ఐదేళ్ళు. వాడికి నింటెండో పెట్టె కొనిపెట్టే స్తోమత ఇంకా లేదు. పక్కింటి పిల్లల దగ్గర ఉండేది. వాళ్ళు తెర మీద ఆడేదాన్ని వీడు ఇంట్లో కార్పెట్టు మీద ఆ నాలుగు బొమ్మలతో ఆడేవాడు. నోటితోనే సంగీతం వేసుకునేవాడు. నాకు ఈ బొమ్మల మీద గురి కుదిరింది అక్కడే అనుకుంటాను.

1990లోనే ఇంకో తమాషా జరిగింది. నింజా తాబేళ్ళ రెండో ఆట నింటెండోకి వచ్చినప్పుడు, ఆటలోని వీధుల్లో పిజా హట్ బోర్డులు పెట్టారు. ఆటతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక పిజాకి కూపను ఇచ్చారు. అంటే ఇక్కడ తిండే బొమ్మకి కొసరు. కూపను కత్తిరించని పుస్తకం దొరకడం కష్టం. ఏ పిల్లవాడు మాత్రం ఊరికే వచ్చే పిజా వదులుకుంటాడు?

1994 సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఆ ఫిబ్రవరిలో సెగా కంపెనీ సోనిక్ 3 ఆటని విడుదల చేసింది. అనుకున్న ఆట అందులో సగం మాత్రమే. కేట్రిడ్జిలో పట్టనంత పెద్దదైంది, ఖర్చు పెరిగింది, పైగా తేదీ దగ్గరపడింది. ఆ తేదీ వెనక్కి జరక్కపోవడానికి మెక్‌డొనాల్డ్స్‌తో కుదిరిన బొమ్మల ఒప్పందం ఒక కారణమని ఆ ఆట తయారీలో ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. మిగిలిన సగం అక్టోబరులో సోనిక్ అండ్ నకుల్స్ పేరుతో వచ్చింది. దాని నెత్తిన పాత కేట్రిడ్జిని గుచ్చితే రెండూ కలిసి ఒకే ఆట అయ్యేవి. దాన్ని పత్రికలు గొప్ప సాంకేతిక విశేషంగా మెచ్చుకున్నాయి. హేంబర్గర్ డబ్బాలో పెట్టే ప్లాస్టిక్ బొమ్మ కోసం ఒక ఆటని రెండు ముక్కలు చేశారన్నది నాకు మాత్రం అంతకన్నా పెద్ద విశేషం. కొసరు వేసే వాడు దుకాణదారుణ్ణే శాసించిన సందర్భం చరిత్రలో ఎక్కువ లేదు.

ఆ శరదృతువులో మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చి ఆరు నెలలుంది. 1995 సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతానంది. కొండపల్లి బొమ్మలు ఆరంటే ఆరు తెచ్చుకుంది. మెట్లు మాత్రం ఐదు కట్టింది, పుస్తకాల పెట్టెల మీద తెల్లటి దుప్పటి పరిచి. ఆరు బొమ్మలతో ఐదు మెట్లు నిండవు కదా, మనవడి బొమ్మలన్నీ సబ్బునీళ్ళతో కడిగి తెచ్చింది.

"ఈ నీలం జంతువేమిట్రా?"

"ముళ్ళపందమ్మా."

నేను సందేహిస్తూనే చెప్పాను. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, "వరాహావతారం లేదూ" అని, దాన్ని పై నుంచి రెండో మెట్టు మీద పెట్టింది. రెండు తోకల నక్కకి కింద మెట్టు దక్కింది. బట్టతల, బారెడు మీసాల రోబాట్నిక్‌ని కిరాణా కొట్టులో కూర్చోబెట్టి ఎదర అగ్గిపెట్టెల్లో పప్పులు పోసింది. మారియో, లుయీజీలని అన్నదమ్ములని చెబితే విడదీయకుండా పక్కపక్కనే నిలబెట్టింది. పేరంటానికి వచ్చిన నలుగురు తెలుగు ఆడవాళ్ళూ నవ్వారు. వాళ్ళ పిల్లలు మాత్రం హారతి అయ్యేదాకా కదల్లేదు. ఆ కొలువు ఫోటో ఒకటుంది. ఈ వ్యాసానికి మూలం నిజానికి ఆ ఫోటోయే.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో మాంసం తినం. పిల్లవాడికి బొమ్మ కావాలి కాబట్టి "మాంసం లేకుండా చీజ్‌బర్గర్" అని అడిగి తీసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో మనవాళ్ళలో చాలామంది చేసిన పనే ఇది. కౌంటరు దగ్గరి పిల్ల, మాంసం లేకపోతే బర్గరెందుకన్నట్టు చూసేది. అమ్మ అది కూడా ముట్టలేదు. కానీ బంగాళాదుంప వేపుడుంది కదా. ఊళ్ళో ఉన్న రకరకాల దుకాణాల్లో అన్నిచోట్లా తింది. "నూనెలో వేయించిన దుంపలే, ఇంకేమీ ఉండదు" అని భరోసా ఇచ్చింది నేనే. ఎవర్నీ అడగలేదు.

1990లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు వేపుళ్ళకి పశువుల కొవ్వు మానేసి పూర్తిగా వెజిటబుల్ నూనెకి మారుతున్నామని ప్రకటించారు. అమెరికాలోని వేపుళ్ళలో రుచి కోసం గొడ్డుమాంసపు సారం కొద్దిగా ఉంటోందన్న సంగతి 2001లో అందరికీ తెలిసింది. ఆ మేలో సియాటిల్‌లో హరీష్ భార్తి అనే భారతీయ లాయరు దావా వేశారు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు హిందూ, శాకాహార, తదితర సంస్థలకి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ వారాల్లో మన పార్టీలలో ఇంకో మాట లేదు. ఒకాయన ప్రాయశ్చిత్తం గురించి అడిగితే ఇంకొకాయన పరిహారంలో మనకెంత వస్తుందని అడిగాడు.

అమ్మ అప్పటికి తెనాలిలోనే ఉంది. ప్రతి ఆదివారం ఫోను చేసేవాణ్ణి. ఇది మాత్రం చెప్పలేదు. పేపర్లో చూసిందో లేదో ఆవిడా అడగలేదు. 2005లో పోయింది. నేను అడగకుండా ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

తర్వాతి చరిత్రలో చెప్పుకోదగ్గది 2006. అప్పటిదాకా ఆటల బొమ్మలే ఇచ్చేవారు, ఆ నవంబరులో బర్గర్ కింగ్ ఏకంగా ఆటలే అమ్మింది. భోజనం కొంటే ఒక్కొక్కటి 3 డాలర్ల 99 సెంట్లు. మొత్తం మూడు, ఎక్స్‌బాక్సు మీద ఆడుకునేవి. ఇంగ్లండులోని బ్లిట్జ్ గేమ్స్ తయారుచేసింది. వాటిలో స్నీక్ కింగ్ అనేది పేరు పొందింది: ప్లాస్టిక్ మొహం రాజుగారు ఆకలితో ఉన్నవాళ్ళ వెనక పిల్లిలా నక్కి వెళ్ళి చేతిలో శాండ్‌విచ్చి పెట్టాలి. నేనూ ఆడాను. రెండో రోజుకే విసుగొస్తుంది. అయినా మూడూ కలిపి ఇరవై లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. అన్ని అమ్ముడైన వస్తువు అరుదుగా ఎలా ఉంటుంది? నా మూడు డిస్కుల్నీ కలిపి అమ్మితే ఇద్దరికి మంచి భోజనం కూడా రాదు.

కొత్తగా పోగుచేసేవాళ్ళకి నా అనుభవంలో రెండు మాటలు. బొమ్మ కాలి కింద ఉన్న సంవత్సరం ఆ పాత్ర హక్కులది, బొమ్మ పంచిన సంవత్సరం కానక్కరలేదు. దీన్ని నమ్మి నేను మూడు పెట్టెల మీద తప్పు తేదీలు వేశాను. రెండోది, బొమ్మ కన్నా దాని చుట్టూ ఉన్న కాగితం అరుదు. భోజనం పెట్టె, ట్రేలో పరిచే కాగితం, కౌంటరు పైన దీపం ముందు బిగించే బొమ్మల షీటు, ఇవి దుకాణం మూసేవేళకి చెత్తలోకే పోయేవి. ప్లాస్టిక్‌ని భద్రంగా దాచడమూ అంత తేలిక కాదు. మెత్తటి వినైలు బొమ్మల్లో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరి, ముట్టుకుంటే బెల్లప్పాకంలా అంటుకుంటుంది. 2003 ప్రాంతాల వచ్చిన సెగా చిట్టి ఎలక్ట్రానిక్ ఆటల్లో బేటరీలు తియ్యకుండా దాస్తే అవి కారి లోపలి రేకులు తినేస్తాయి. నావి రెండు అలాగే పోయాయి.

ఈ కొసరు మీద కోపమొచ్చిన ఊళ్ళూ ఉన్నాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2010లో చట్టం చేసి, ఆరోగ్య ప్రమాణాలకి సరిపడని భోజనంతో బొమ్మ ఊరికే ఇవ్వకూడదన్నారు. 2011 డిసెంబరులో అది అమలయ్యేసరికి అక్కడి మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు బొమ్మకి పది సెంట్లు వేరే తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ పది సెంట్లూ దానానికి. చట్టమూ నిలిచింది, బొమ్మా నిలిచింది.

ఇక పెద్దవాళ్ళ సంగతి. 2021లో పోకెమాన్ పాతికేళ్ళ పండగకి హేపీ మీల్‌లో కార్డులిస్తే, తిరిగి అమ్ముకునేవాళ్ళు డజన్లకొద్దీ కొనుక్కుపోయారు. 2025 ఆగస్టులో జపానులో ఇదే ఇంకా ముదిరింది. కార్డులు తీసుకుని భోజనాల్ని పొట్లాలు విప్పకుండానే పారేశారు. కంపెనీ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ ఫోటోలు మా ఆవిడే నాకు పంపింది, కింద ఏమీ రాయకుండా.

ఆవిడ కోపానికి పాత కారణం ఉంది. 1999 నవంబరులో పోకెమాన్ మొదటి సినిమా వచ్చినప్పుడు బర్గర్ కింగ్ 57 రకాల బొమ్మలు విడుదల చేసింది. అవి రెండు డిప్పలుగా విడిపోయే ప్లాస్టిక్ బంతుల్లో వచ్చేవి. మా వాడికి పదకొండేళ్ళు, పిచ్చి ముదిరిన వయసు. మా అమ్మాయికి పది నెలలు. డిసెంబరులో కేలిఫోర్నియాలో పదమూడు నెలల పాప మొహానికి ఆ బంతి సగం డిప్ప అతుక్కుపోయి ఊపిరాడక చనిపోయింది. డిసెంబరు 27న రెండున్నర కోట్లకు పైగా బంతుల్ని వెనక్కి పిలిచారు. బంతి తెచ్చిస్తే చిన్న వేపుడు పొట్లం ఉచితం అన్నారు. జనవరిలో ఇండియానాపొలిస్‌లో మరో పసివాడు పోయాడు. వెనక్కి పిలిచిన సంగతి మేము టీవీలో విన్న రాత్రే మా ఆవిడ ఇంట్లో ఉన్న పందొమ్మిది బంతుల్నీ వెతికి తీసి, గరాజ్‌లో సుత్తితో పగలగొట్టింది. మా వాడు ఏడుస్తూ లోపలి బొమ్మల్ని ఏరుకున్నాడు. వేపుళ్ళ కోసం మేమెవరం వెళ్ళలేదు.

నేనేం చేశానంటే, 2009లో, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా అని, మొత్తం సెట్టు ఉండాలన్న పట్టుదలతో, ఆ బంతుల్ని ఒక సేకర్త దగ్గర మళ్ళీ కొన్నాను. బంతి లేకపోతే బొమ్మకి విలువ లేదంటారు ఈ లోకంలో. ఇంటికి తెచ్చిన రోజున ఆవిడ అరవలేదు. "ఇవి గుమ్మం దాటకూడదు" అంది, అంతే. ఆఫీసులో నా టేబులు కింది సొరుగులో పెట్టాను. ఉద్యోగాలు మారితే సొరుగులు మారాయి.

వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాను. ఆ సొరుగు ఖాళీ చెయ్యాలి. మా వాడి కూతురికి ఇప్పుడు తొమ్మిదో నెల. శని, ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటుంది, బేస్‌మెంటు మెట్ల దాకా పాకుతోంది.