వెండి పూసిన గుండె కవాటం

“లోపల పెట్టే వస్తువు నా ఒంటికి పడుతుందా డాక్టరుగారూ?” అని శస్త్రచికిత్సకు ముందు అడగని రోగి అరుదు. ప్రశ్న సహజమైనదే, కాని దానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఒకే పదార్థం ఏ రూపంలో ఉన్నది, ఏ చోట ఉన్నది, ఎంతకాలం ఉంటుంది అన్నదానిని బట్టి శరీరం దానిని ఆదరిస్తుంది లేదా తిరస్కరిస్తుంది. వైద్యులు జీవానుకూలత అనేది దీనినే. వెండి వంటి లోహాల నానో రేణువులు కలిపిన పాలిమర్ ఇంప్లాంట్ల గురించి మీరు ఇటీవల పత్రికలలో చదువుతూ ఉండవచ్చు. ఆ వార్తలను అర్థం చేసుకోవడానికి కొంత పాత చరిత్ర అవసరం.

1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే నేత్రవైద్యుడు తొలిసారిగా ప్లాస్టిక్ కటకాన్ని కంటిలో అమర్చారు. యుద్ధవిమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న పెర్‌స్పెక్స్ ముక్కలను కన్ను సహించడం ఆయన గమనించారు. మీ ఇంట్లో శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దలందరూ ఆ పరిశీలనకు ఋణపడినవారే.

అయితే ముక్కను సహించిన శరీరం పొడిని సహిస్తుందని చెప్పలేము. ఇంగ్లండులోనే జాన్ చార్న్‌లీ అనే ఎముకల శస్త్రవైద్యుడు 1950ల చివర తుంటి కీలు గిన్నెను టెఫ్లాన్‌తో చేయించారు. ఇప్పుడు మన వంటింటి పెనాల మీద కనిపించే పూత అదే. దేనితోనూ రసాయనికంగా కలవని పదార్థం, పైగా మహా నునుపు. రోగులు నొప్పి లేకుండా నడిచారు. మూడు, నాలుగేళ్ళకు గిన్నెలు అరిగిపోయాయి. రాలిన పొడి చుట్టూ జున్నులాంటి ముద్దలు పెరిగి ఎముకను తిన్నాయి. చార్న్‌లీ ఆ పొడిని తన తొడలోనే ఎక్కించుకుని చూశారు. కొన్ని నెలలకు అక్కడ గడ్డ చేతికి తగిలింది. పక్కనే పెట్టుకున్న పాలిథిలీన్ అలా చేయలేదు. 1962 నవంబరు నుండి ఆయన పాలిథిలీన్ గిన్నెలు వాడారు. ఇలాంటి స్వీయప్రయోగాన్ని నేటి నైతిక సంఘాలు అనుమతించవు, కాని ఆ మనిషి నిజాయితీకి నేను నమస్కరిస్తాను.

పొడి కావడం వల్ల మారేది ఏమిటి? ఒక సెంటీమీటరు భుజం గల వెండి ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల ఘనాలుగా ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు, అంటే సుమారు 717 గజాల ఇంటిస్థలం. వెండి బరువు పెరగలేదు, కాని శరీరద్రవాలు తాకే మేర పది లక్షల రెట్లయింది. వెండి అయాన్లు వెలువడేది ఆ ఉపరితలం నుండే, సూక్ష్మజీవులను చంపేవీ ఆ అయాన్లే.

వెండికి వైద్యంలో మంచి పేరే ఉన్నది. జర్మనీలో క్రెడే 1880లో నవజాత శిశువుల కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించి ఎందరినో అంధత్వం నుండి కాపాడారు. ఏళ్ళ తరబడి వెండి మందులు మింగినవారి చర్మం నీలిబూడిద రంగుకు తిరగడం కూడా వైద్యులకు పాత సంగతే.

ఇక కవాటం సంగతి. కీళ్ళవాత జ్వరంతో గుండె కవాటాలు చెడిన యువతీయువకులను మా తరం ప్రభుత్వ వైద్యులు వార్డుల నిండా చూశారు. కృత్రిమ కవాటం వారికి ప్రాణం పోస్తుంది, కాని దానిమీద సూక్ష్మజీవులు చేరితే ప్రాణాపాయం. కవాటాన్ని గుండెకు కుట్టడానికి చుట్టూ పాలియెస్టర్ గుడ్డ పట్టీ ఉంటుంది. సెయింట్ జూడ్ మెడికల్ సంస్థ ఆ పట్టీకి వెండి పూసి, సిల్‌జోన్ అనే పేరుతో 1997లో ఐరోపాలో విడుదల చేసింది. మరుసటి ఏడు అమెరికా అనుమతి లభించింది. అది నానో రేణువు కాదు, పలుచని పూత మాత్రమే. అయినా పాలిమర్ మీది వెండి మన కణాలను ఏం చేస్తుందన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

ఆలోచన తర్కబద్ధంగానే ఉన్నది. కాని ఆ గుడ్డ పట్టీకి ఇంకొక పని ఉన్నది. మన కణజాలం దానిలోకి అల్లుకుపోయి కవాటాన్ని గుండెగోడకు బిగించాలి. అల్లుకోవలసిన కణాలను కూడా వెండి అడ్డుకున్నదని తరువాత వివరించారు. నిజంగా అంటురోగం తగ్గుతుందా అని తేల్చడానికి ఆవర్ట్ అనే పరీక్ష మొదలైంది. 807 మంది చేరారు. వెండి కవాటం పెట్టినవారిలో కుట్టు పక్క నుండి రక్తం కారి, మళ్ళీ గుండె తెరవవలసి వచ్చిన సందర్భాలు ఎక్కువగా కనిపించడంతో 2000 జనవరిలో పరీక్షను ఆపి, కవాటాన్ని మార్కెట్ నుండి వెనక్కు తీసుకున్నారు. అప్పటికే ప్రపంచంలో సుమారు 36,000 మంది గుండెల్లో అది ఉన్నది.

వెండి సూక్ష్మజీవులను చంపుతుందా అన్నది ప్రయోగశాలలో గాజుపళ్ళెం మీద కొద్ది రోజుల్లో తేలుతుంది. కుట్టు మానుతుందా అన్నది తేలడానికి మనిషి, సంవత్సరాలు కావాలి. నానో రేణువుల పాలిమర్ల విషయంలోనూ నేను వెతికేది ఇవే: రోజుకు ఎంత లోహం వెలువడుతుంది, పాలిమర్ అరిగితే రేణువులు ఏ అవయవానికి చేరతాయి, పక్క కణాలు ఎదుగుతాయా. “99 శాతం బాక్టీరియా నశించింది” అన్న వార్తలో వీటికి జవాబు ఉండదు.

ఆ 36,000 మందిలో కవాటం సక్రమంగా పనిచేస్తున్నవారికి దానిని ముందుజాగ్రత్తగా తీయించుకోమని వైద్యులు చెప్పలేదు. లీకు కంటే రెండవ ఆపరేషన్ ప్రమాదమే పెద్దది. క్రమం తప్పకుండా పరీక్షలు, అవసరమైతే ఎకో చేయించుకోమన్నారు. అలా కబురు చేయాలంటే ఎవరి గుండెలో ఏ కవాటం ఉన్నదో తెలియాలి. మన దేశంలో ఇంప్లాంట్ల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో మొదలైంది. కవాటం గాని, కీలు గాని, స్టెంటు గాని పెట్టించుకున్నవారు నమూనా పేరు, క్రమసంఖ్య ఉన్న కార్డును ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి. అది ఇవ్వకపోతే డిశ్చార్జి నాడే అడగండి.