మూడు నిమిషముల రికార్డు నుండి గీతాగానము వరకు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్ట గ్రామములలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత వినని వారు అరుదు. దేవాలయపు మైకులోను, మరణము సంభవించిన ఇంటి ముంగిటను ఆ కంఠమే వినిపించును. శ్లోకమును పాడి, వెంటనే తాత్పర్యమును తెలుగు వచనములో చెప్పుట ఆ రికార్డు పద్ధతి. ఇంత దీర్ఘమైన గానము ఇంటింటికి చేరుటకు గాయకుని ప్రతిభతోపాటు ధ్వనిముద్రణలో వచ్చిన రెండు మార్పులు కారణములు.

1877లో ఎడిసన్ తగరపు రేకుపై శబ్దమును నిలిపెను. 1887లో బెర్లినర్ చదునైన పలకను ప్రవేశపెట్టెను. గాలిలోని కంపనములు పలకపై గాడిలో వంకరలగును. ముల్లు ఆ గాడిలో నడచినపుడు వంకరలు తిరిగి కంపనములగును. సూత్రమింతియే. తరువాత వాడుకలో స్థిరపడిన లక్క రికార్డు నిమిషమునకు 78 సార్లు తిరిగెడిది. పది అంగుళముల రికార్డులో ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల పాట, అనగా 234 చుట్లు మాత్రమే పట్టెడివి. అందుచేతనే మన పౌరాణిక నాటకములు అనేక రికార్డుల సెట్లుగా వెలువడినవి.

గాడిని ఇంకను సన్నము చేయరాదా? లక్కలో రాతిపొడి కలిసియుండుటచే ముల్లు క్రింద గరగర శబ్దము పుట్టెడిది. గాడి సన్నగిలినకొలది ఆ గరగర పాటను మింగివేయును. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నునుపైన వినైల్ ప్లాస్టిక్కుతో లాంగ్ ప్లే రికార్డును తెచ్చెను. వేగము నిమిషమునకు 33 1/3 చుట్లు. ఒక వైపు 22 నిమిషములు పట్టినచో చుట్లు 733. ఇది మొదటి మార్పు.

రెండవది అయస్కాంతపు టేపు. దీని యంత్రము 1935లో బెర్లినులో ప్రదర్శింపబడెను. అంతకు పూర్వము పాటను నేరుగా మైనముపై చెక్కెడివారు. చివరి చరణమున గొంతు తడబడినచో మొదటినుండి మరల పాడవలసినదే. టేపు వచ్చిన పిదప గాయకుడు నిలిచి, విశ్రమించి, తప్పిన భాగమును మాత్రమే పాడవచ్చును. మంచి ముక్కలను అతికి ఒక్కటి చేయవచ్చును.

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఘంటసాలగారు జీవితపు చివరి రోజులలో, ఆరోగ్యము సరిగాలేని కాలమున, గీతను పాడిరి. 1974 ఫిబ్రవరి 11న మరణించిరి. ఆ సంవత్సరమే హెచ్.ఎం.వి. సంస్థ ఆ గానమును లాంగ్ ప్లే రికార్డులుగా వెలువరించెను.

విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. శ్లోకమునకు, తాత్పర్యమునకు కలిపి నిమిషము చొప్పున నూరు శ్లోకములకు నూరు నిమిషములు. పాత పద్ధతిలో 34 వైపులు, అనగా 17 రికార్డులు కావలెను. మూడు నిమిషములకొకసారి లేచి రికార్డు తిప్పవలెను. లాంగ్ ప్లేలో ఐదు వైపులు చాలును.

లక్క రికార్డు చేజారిన ముక్కలగును. ఎవరి అటకపైనైనను పాత నాటకపు సెట్టు కనిపించినచో, ఉపాధ్యాయులు దానిని వెంటనే కంప్యూటరులోనికి ఎక్కింపజేయవలెను. మరియొక ప్రతి లేని కంఠము ఒకసారి పోయిన మరల రాదు.