సొంత ఫోనునకు పరాయి తాళము

ఇంట రేడియో యుంచుకొనుటకు ప్రభుత్వపు అనుమతి కావలసిన దినములను పెద్దలు మరచియుండరు. 1933వ సంవత్సరపు ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము 1934 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. లైసెన్సు లేక రేడియో పెట్టెను దగ్గర నుంచుకొనుటయే దానినిబట్టి నేరము. ఏటేట తపాలా కచేరికి పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొని వచ్చుట గృహస్థుని విధులలో నొకటిగా నుండెను. 1985లో ఈ పద్ధతి రద్దయ్యెను.

చట్టము కఠినమే, కాని ఒక్క విషయమున నది ఉదారమైనది. రుసుము కట్టినవాడు ముల్లును విజయవాడకు త్రిప్పునా, సింహళమునకు త్రిప్పునా అని అది అడుగలేదు. పెట్టె మూగబోయినచో ఊరి మెకానిక్కు దాని వీపు విప్పి వాల్వు మార్చెడివాడు. అందులకు ఆ పెట్టెను తయారుచేసిన కంపెనీ సెలవును ఎవరును కోరలేదు.

నేడు మన చేతులలోని ఫోనుల చరిత్ర ఇందుకు విపరీతముగా నడచినది. ఫోను కొనుటకు లైసెన్సు అక్కరలేదు. కాని కొన్న పిదప దాని ముల్లును త్రిప్పు హక్కు కొన్నవానిదా, అమ్మినవానిదా? ఈ ప్రశ్నను తాకిన వ్యాజ్య మొకటి హైదరాబాదులోనే నడచినది.

2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సంస్థ ఒక పథకమును ప్రవేశపెట్టెను. సుమారు 10,500 రూపాయల విలువ గల ఫోనును, మూడేండ్ల సేవతో కలిపి, తొలుత 3,350 రూపాయలు పుచ్చుకొని యిచ్చుచుండిరి. పిమ్మట నెలకు 600 రూపాయల చొప్పున చెల్లింపవలెను. అయితే ఆ ఫోను రిలయన్స్ వ్యవస్థలో మాత్రమే పలుకునట్లు లోపల తాళము వేయబడినది. విడిచిపోదలచినవాడు ఫోను యొక్క అసలు వెలతోపాటు మరికొన్ని రుసుములు చెల్లింపవలెను. ఒకే కేంద్రమునకు ముల్లు అతికించి అమ్మిన రేడియో వంటిదన్నమాట.

ఆ తాళము ఇనుపది కాదు, అంకెలది. ఆ తరహా ఫోనులో మూడు సంఖ్యలుండును. మొదటిది కర్మాగారములోనే ఫోనునకు పెట్టిన క్రమసంఖ్య, దానినే ఇ.ఎస్.ఎన్. అందురు. రెండవది చందాదారుని నంబరునుండి పుట్టిన సంఖ్య. మూడవది సేవ నిచ్చు కంపెనీ గుర్తు. మీట నొక్కగానే ఫోను గాలిలో వచ్చుచున్న గుర్తును విని, తనలో వ్రాసియున్న దానితో సరిచూచుకొనును. తాళము వేసిన ఫోను పరాయి కంపెనీకి చిక్కదు. లోపలి ఆదేశములను తిరిగి వ్రాసినచో చిక్కును.

ప్రత్యర్థియైన టాటా ఇండికామ్ తరఫువారు చేసినది ఇదియే యని అభియోగము. రిలయన్స్ చందాదారులను తక్కువ వెలతో ఆకర్షించి, వారి శామ్‌సంగ్, ఎల్.జి. ఫోనులలోని సంఖ్యలను మార్చి తమ సేవలోనికి త్రిప్పుకొనిరట. రిలయన్స్ వారి ఫిర్యాదుపై సి.ఐ.డి. పోలీసులు 2003లో కేసు నమోదుచేసి, కొందరు టాటా ఉద్యోగులను నిర్బంధించిరి. నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను పాత నేరములకు తోడు, 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 65వ సెక్షనును, 1957 నాటి కాపీరైటు చట్టములోని 63వ సెక్షనును జోడించిరి. కేసు కొట్టివేయవలెనని నిందితులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమును కోరిరి.

2005 జూలై 29న జస్టిస్ వి.వి.ఎస్. రావుగారు తీర్పు చెప్పిరి. ఫోను కంప్యూటరు కాదని నిందితులు వాదించిరి. చట్టపు నిర్వచనము ననుసరించి అది కంప్యూటరేయని న్యాయమూర్తి నిర్ణయించిరి. 65వ సెక్షను చట్టరీత్యా భద్రపరుపవలసిన ఆదేశములకే వర్తించుననియు, ఈ సంఖ్యలను భద్రపరుపుమని ఏ చట్టమును చెప్పలేదనియు మరియొక వాదము. ఆ సెక్షనులో ‘ఉంచవలసిన’, ‘నిర్వహింపవలసిన’ అను మాటల నడుమ ‘లేదా’ అను అవ్యయ మున్నది. చట్టరీత్యా అను షరతు రెండవదానికే చెందునని న్యాయమూర్తి ఆ అవ్యయమును బట్టి అర్థము చెప్పిరి. పండితుల వ్యాకరణ వివాదములు ఎవరిని చెరసాలకు పంపునని నవ్వువారు ఈ తీర్పు చదువదగును. కాపీరైటు విషయము మరింత వింతైనది. మన చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినది. కావున ఫోనులోని ఆదేశములు, కవుల కావ్యములు ఒకే కప్పు క్రింద రక్షణ పొందుచున్నవి.

తుదకు నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను అభియోగములు కొట్టివేయబడినవి. తక్కిన రెండును నిలిచినవి. మూడు నెలలలో దర్యాప్తు ముగింపవలెనని పోలీసులకు ఆజ్ఞ యయ్యెను.

కంపెనీ పక్షమున న్యాయము లేకపోలేదు. పదివేల సరుకును మూడువేలకు చేతబెట్టినవాడు తక్కిన పైకమునకు పూచీ కోరును. ఆదోని మార్కెట్టు ఎరిగినవారికి ఇది క్రొత్తగాదు. విత్తనములకు అప్పిచ్చిన వర్తకుడు పత్తి తన దుకాణమునకే తెమ్మనును. కాని రైతు మరియొక దుకాణమునకు తోలినచో వర్తకుడు బాకీకి దావా వేయును. పత్తిబోరెము విప్పిన హమాలీని చెరసాలకు పంపుమనడు. ఒప్పందము తప్పుటకును నేరమునకును గల యీ యెడమును ఫోను తాళము చెరిపివేసినదని నా అభిప్రాయము. బాకీ తీరిన పిదప తాళ మెవరు తీయవలెను? ఆ వ్యాజ్యము రెండు కంపెనీల మనుష్యుల నడుమ నడచినది. కొన్నవాని హక్కేమో అందు తేలలేదు.

ఆ హక్కు ఎవరికి ముఖ్యమో కోసిగిని తలచినచో తెలియును. ఆదోని, మంత్రాలయం రోడ్డు స్టేషనుల నడుమ నున్న యీ యూరినుండి, వానలు తప్పిన యేట, కుటుంబములకు కుటుంబములే సుగ్గికి పోవును. గుంటూరు సీమలో మిరపకోతకు కొందరు, బెంగుళూరు, హైదరాబాదులలో కట్టడపు పనులకు కొందరు పోవుదురు. ముసలివారు, పిల్లలు ఊర నుందురు. ఊర బాగుగా పలుకు కంపెనీ మిరపచేలలో పలుకకపోవచ్చును. ఫోను తాళములో నున్నచో ఆ కూలివాడు మరియొక ఫోను కొనవలెను, లేదా ఇంటి మాట వినక నెలలు గడుపవలెను. 2011 జనవరి 20నుండి నంబరు మారకయే కంపెనీని మార్చుకొను సౌకర్యము దేశమంతట కలిగినది. అయితే నంబరు కదలినను తాళమున్న ఫోను కదలదు. 2017లో వచ్చిన జియోఫోను 1,500 రూపాయల డిపాజిట్టుపై లభించినది. అదియు ఆ కంపెనీ సిమ్ముతోనే పనిచేయునట్లు చేయబడినది.

అమెరికాలో ఈ తగవు బహిరంగముగా నడచినది. 1998 నాటి కాపీరైటు చట్టము తాళము విప్పుటను నిషేధింపగా, 2006లో ఫోనులకు మినహాయింపు నిచ్చిరి. 2013 జనవరిలో క్రొత్త ఫోనుల విషయమున దానిని ఉపసంహరించిరి. లక్షమందికి పైగా జనులు అధ్యక్షుని కార్యాలయమునకు విన్నపము పంపిరి. 2014 ఆగస్టు 1న ఆ హక్కును తిరిగి యిచ్చు చట్టము వచ్చినది.

మన దేశమున 2012లో కాపీరైటు చట్టమునకు చేర్చిన 65ఎ సెక్షను, హక్కులను భంగపరచు ఉద్దేశముతో సాంకేతిక రక్షణను ఛేదించువానికి రెండేండ్ల వరకు ఖైదు విధించుచున్నది. ఇచ్చట ‘ఉద్దేశముతో’ అను మాటయే కీలకము. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను మార్చుట వేరు సంగతి. దొంగఫోనులను గుర్తించునది ఆ సంఖ్యయే. దానిని తారుమారు చేయుటను 2017 నిబంధనలు నిషేధించినవి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము దానికి మూడేండ్ల వరకు ఖైదు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించుచున్నది. కంపెనీ తాళము తీయించుకొనగోరువారు దుకాణములో నీ భేదము నడిగి తెలిసికొనుట మేలు.

నాడు పోరాడిన రెండు సేవలును నేడు లేవు. రిలయన్స్ సంస్థ పేరు మార్చుకొని కొన్నాళ్ళు నడచి, 2017 చివర మాటల సేవను నిలిపివేసెను. టాటా వారి మొబైలు వ్యాపారము 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయెను. తాళము తీయని ఆనాటి ఫోనులు ఏ యింటనైన మిగిలియున్నచో, లేని కంపెనీ గుర్తు కొరకు గాలిలో వెదకుచునే యుండును.