వాక్‌మన్‌కి రెండో జాక్ ఎందుకు పెట్టారు?

ఇవాళ టేబుల్ మీద ఒక పాత డబ్బా పెట్టాను, కనిపిస్తోంది కదా? సోనీ వాక్‌మన్. మా చిన్నాన్న దుబాయ్ నుంచి తెచ్చింది. దీని చరిత్ర చెప్తాను, దీనివల్ల నాకు దొరికిన ఒక దోస్తు గురించి కూడా చెప్తాను. ముందు జపాన్ వెళ్దాం.

1946లో, యుద్ధంలో బూడిదైన టోక్యోలో మసారు ఇబుకా, అకియో మోరిటా కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టారు. 1955లో ట్రాన్సిస్టర్ రేడియో అమ్మారు. 1958లో కంపెనీ పేరే సోనీ అని మార్చేశారు. ట్రాన్సిస్టర్ పుట్టింది అమెరికాలో. దాన్ని సామాన్యుడి చేతిలోకి తేవడం వీళ్ళ పని.

అసలు కథ 1979లో. ఇబుకా గారికి విమానంలో పాటలు వినాలని కోరిక. అప్పటికే విలేకరుల కోసం ప్రెస్‌మన్ అనే చిన్న రికార్డర్ ఉంది. ఇంజనీర్లు అందులోంచి రికార్డింగ్ తీసేశారు, స్పీకర్ తీసేశారు, స్టీరియో పెట్టి తేలికపాటి హెడ్‌ఫోన్స్ తగిలించారు. రికార్డు చేయని టేప్ రికార్డర్ ఎవరు కొంటారని కంపెనీలోనే అనుమానం. జూలై 1న 33,000 యెన్లకు వదిలారు. మొదటి నెలలో అమ్ముడైనవి ఓ 3,000, అంతే. అప్పుడు కుర్రాళ్ళని టోక్యో వీధుల్లో తిప్పి, దారినపోయేవాళ్ళకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించారు. ఆగస్టు దాటేసరికి మొదట తయారుచేసిన 30,000 అయిపోయాయి.

నాకు బాగా నచ్చే ముక్క ఇది. ఆ మొదటి మోడల్‌కి రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉండేవి. పైన ఒక ఆరెంజ్ బటన్, పేరు హాట్‌లైన్. అది నొక్కితే పాట తగ్గి, మైకులోంచి పక్కవాళ్ళ మాట వినిపిస్తుంది. ఎందుకు పెట్టారంటే, మోరిటా దాన్ని ఇంట్లో వాడి చూస్తే భార్య చిరాకు పడిందట. పక్కన మనిషి ఉండగా ఒక్కడే పాట వినడం మర్యాద కాదేమో అని ఆయనకి తోచింది. తీరా జనం ఏం చేశారు? ఎవరిది వాళ్ళు కొనుక్కున్నారు. తర్వాత తర్వాత రెండో జాక్‌నే తీసేశారు.

మన దగ్గర సీన్ వేరు. దిగుమతి సుంకాలు భారీ, కాబట్టి జపాన్ సామాను అంటే గల్ఫ్ నుంచి వచ్చే సూట్‌కేసే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పోయినవాళ్ళు నేషనల్ పానాసోనిక్ టూ-ఇన్-వన్ తెచ్చేవారు. మా వాడకట్టు మొత్తానికి ఒక్కటే ఉండేది. మా నానమ్మకి రాయడం రాదు. చిన్నాన్నకి చెప్పాల్సిందంతా క్యాసెట్‌లో మాట్లాడి, దుబాయ్ పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేది. మధ్యలో మేక అరుపులు కూడా రికార్డయ్యేవి. మీరు ఇప్పుడు వాయిస్ మెసేజ్ అంటున్నది మా నానమ్మకి అప్పుడే తెలుసు!

ఇక 2007. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. అందరూ ఎంపీ3 ప్లేయర్లకి మారిపోయారు, నా దగ్గర మాత్రం ఈ వాక్‌మన్. ఒకరోజు బాలు గారి గొంతు నిద్రమత్తులో పాడినట్టు సాగడం మొదలైంది. కోఠి గుజరాతీ గల్లీకి తీసుకెళ్తే, దీనికి పార్టులు దొరకవు తమ్మీ అన్నారు.

అప్పట్లో ఆర్కుట్ అని ఉండేది, 2004లో మొదలైంది. నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలు పెట్టి కూర్చునేవాణ్ణి. పాత టేప్ రికార్డర్ల కమ్యూనిటీలో నా బాధ రాశాను. ఒకతను జవాబిచ్చాడు. మోటార్ నుంచి చక్రానికి ఒక రబ్బరు బెల్ట్ ఉంటుంది, అది సాగిపోతే పాట నెమ్మదిస్తుంది. ఆ దారి పొడవునా దారం చుట్టి కొలువు, ఆ కొలత కన్నా కాస్త చిన్న బెల్ట్ వెయ్యి అని. ఎంత వివరంగా చెప్పాడంటే, ఎవరో రిటైరైన ఇంజనీరు అనుకుని సార్ సార్ అని రాసేవాణ్ణి. ఆరు నెలలు స్క్రాపులు నడిచాయి. బెల్ట్ సంగతి ఎప్పుడో పక్కకి పోయింది. నా పరీక్ష పోయిన రోజు ఇంట్లో చెప్పకముందు అతనికే చెప్పాను.

ఒకరోజు తెలిసింది, అతను ఉండేది ఎల్‌బీ నగర్‌లో. ఇప్పటి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడే స్టేషన్లు! అప్పుడు మెట్రో లేదు, సిటీ బస్సెక్కి వెళ్ళాను. ఎల్‌బీ నగర్ రింగ్ రోడ్డు దగ్గర, విజయవాడ బస్సులు ఆగే చోట నిలబడ్డాను. ఇంటర్ సెకండియర్ కుర్రాడొకడు వచ్చి, "అన్నా, సార్ నేనే" అన్నాడు.

చాయ్ హోటల్ బల్ల మీదే వాక్‌మన్ విప్పాడు. వేరే టేప్ రికార్డర్ నుంచి తీసిన బెల్ట్ వేశాడు. దానిమీద బాల్‌పెన్‌తో నీలం చుక్క పెట్టి, "ఇది తిరుగుతుంటే బెల్ట్ జారట్లేదని తెలుస్తుందన్నా" అన్నాడు. నా వాక్‌మన్‌కి ఒకటే జాక్. హెడ్‌ఫోన్స్‌ని విరిగిపోతుందేమో అన్నంతగా వంచి, చెరో చెవి పెట్టుకుని ఒక సైడ్ మొత్తం విన్నాం.

తర్వాత నేను ఉద్యోగానికి ఊరు మారాను. స్క్రాపులు తగ్గాయి. ఫోన్ మార్చినప్పుడు నేనే అతని నంబర్ ఎక్కించుకోలేదు, ఎలాగూ ఆర్కుట్‌లో ఉంటాడు కదా అని. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూసేశారు. మూసేస్తామని ముందే చెప్పారు, అయినా నేను లాగిన్ అవ్వలేదు. అప్పటికే పాస్‌వర్డ్ గుర్తులేదు.

మొన్న ఈ ఎపిసోడ్ కోసం సెల్స్ వేసి నొక్కితే పాట మళ్ళీ సాగుతోంది. విప్పి చూస్తే బెల్ట్ వదులైంది, నీలం చుక్క ఇంకా లీలగా ఉంది. చూడండి, దగ్గరగా పెడుతున్నాను.

తమ్ముడూ, ఇప్పుడు నీకు ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఇది చూస్తున్నావో లేదో తెలీదు. బెల్ట్ పోయింది. కొత్తది నేను వేయలేదు.