రెండో పొర దగ్గర ఆగిన రాత

2004లో డీవీడీ ప్లస్ ఆర్ డ్యుయల్ లేయర్ డిస్కులు బజారుకొచ్చాయి. 4.7 జీబీ పట్టే చోట ఏకంగా 8.5 జీబీ! లినక్స్ వాడేవాళ్లకు మాత్రం ఆ ఏడాది గడ్డుగానే గడిచింది. ఆగస్టులో వచ్చిన 2.6.8 కెర్నెల్ డ్రైవుకు వెళ్లే ఆదేశాలను వడకట్టడం మొదలుపెట్టింది. దాంతో రూట్ హక్కులు లేనివాళ్లకు మామూలు డిస్కు రాయడమే కష్టమైపోయింది.

డ్యుయల్ లేయర్‌కు సొంత చిక్కు వేరే ఉంది. లేజర్ మొదటి పొరను లోపలి నుంచి అంచు దిశగా రాసుకుంటూ వెళ్లి, అక్కడ ఫోకస్ మార్చుకుని, రెండో పొరను వెనక్కి లోపలికి రాసుకుంటూ రావాలి. ఎక్కడ మళ్లాలన్నది ముందే తేలాలి. మొదటి పొరలో రాసే సెక్టార్ల సంఖ్య 16కు గుణిజం కావాలి. మొదటి పొర రెండోదానికన్నా చిన్నదిగా ఉండకూడదు. ఆండీ పోల్యాకోవ్ రాసిన గ్రోఐసోఎఫ్ఎస్ అనే డిస్కు రాసే ప్రోగ్రాములో ఆ హద్దును మనమే చెప్పే వీలుండేది. ఉచితంగా అందిన ఆ సాధనం చేసిన మేలు చిన్నది కాదు.

లెక్క కుదిరినా కొన్ని డిస్కులు సగం దాటగానే పాడయ్యేవి. తెర మీద ‘పవర్ కాలిబ్రేషన్ ఏరియా ఎరర్’ అని పడిందంటే, సాధారణంగా తప్పు టైపు చేసిన కమాండ్‌ది కాదు. ఆ డిస్కు రసాయనపు పూతకు ఎంత లేజర్ శక్తి కావాలో డ్రైవు తేల్చుకోలేకపోయిందన్నమాట. వేగం మార్చి చూడటం, ఫర్మ్‌వేర్ నవీకరించడం, వేరే తయారీ డిస్కు పెట్టడం, ఇవే అప్పట్లో అందరూ పట్టుకున్న దారులు.

డిస్కులు రాసే సాధనాల్లోనూ మార్పొచ్చింది: 2006లో లైసెన్సు తగవుతో డెబియన్ అనే లినక్స్ పంపిణీ సీడీరికార్డ్ అనే సాధనాన్ని వదిలి, దాన్నుంచే చీల్చిన వోడిమ్‌ను చేపట్టింది.